ఉప్పెన గుర్తులు వెతికిన ముంగిస

ఏరు సముద్రంలో కలిసే చోట తెల్లమడ అనే అడవి ఉండేది. అందులో అడవి పందులు, దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు ఏళ్ళ తరబడి కాపురముండేవి.

ఒక ఏడాది ఏరు గట్టును కోసుకుంటూ వచ్చి, వాటి నెలవునంతా మింగేసింది. పిల్లాపాపలతో అవి కొత్త చోటు వెతుక్కోవలసి వచ్చింది.

పందుల పెద్ద కోరయ్య అందరినీ సముద్రం వైపున్న ఒక పల్లానికి తీసుకెళ్ళాడు. అక్కడ పచ్చిక మోకాలెత్తు పెరిగి ఉంది. మూతితో కాస్త తవ్వితే చాలు, తుంగగడ్డలు గుత్తులుగా వచ్చేవి. ఇంతకన్నా మంచి చోటు దొరకదన్నాడు కోరయ్య. అందరూ సరేనన్నారు.

కపిల అనే ముంగిసకు మాత్రం ఒక సందేహం వచ్చింది. ఏదైనా వింతగా కనిపిస్తే, దాని అంతు తేలేదాకా కపిలకు తిండి సయించదు. ఆ పల్లంలో చెట్లన్నీ లేతవే, అన్నీ ఒకే ఈడువి. ఇంత సారమున్న నేలలో ముసలి చెట్టు ఒక్కటైనా లేదేం? అవన్నీ ఏమైనట్టు?

పల్లానికి పడమట ఒక పెద్ద దిబ్బ ఉంది. దాని మీద రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప తినడానికి పెద్దగా ఏమీ లేదు. కపిల అటు నడిచింది. ఏటవాలులో ఒక పాత పొన్న చెట్టు కనిపిస్తే ఎక్కి చూసింది. కొమ్మల పంగలో సముద్రపు నత్తగుల్లలు, ఎండిన నాచు ఇరుక్కుని ఉన్నాయి. దుప్పి కొమ్ములకు కూడా అందనంత ఎత్తు అది.

పక్షులేమైనా తెచ్చి పెట్టాయేమోనని కొంగను అడిగింది. కొంగ ఒక గుల్లను ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూసి, తినడానికేమీ లేని గుల్లను ఏ పక్షీ మోసుకురాదని చెప్పింది.

కపిల పల్లానికి తిరిగొచ్చి తవ్వడం మొదలుపెట్టింది. పైన నల్లటి ఒండ్రుమట్టి. దాని కింద తెల్లటి సముద్రపు ఇసుక. ఇంకా తవ్వితే మళ్ళీ నల్లమట్టి, మళ్ళీ ఇసుక. కొన్ని ఇసుక పొరలు సన్నగా ఉన్నాయి. ఒకటి మాత్రం కపిల ఒళ్ళంత మందం ఉంది. దిబ్బ మీద కూడా తవ్వి చూసింది. అక్కడ ఇసుక జాడే లేదు.

అడవిలో అందరికన్నా వయసులో పెద్దది తాబేలు అవ్వ. కపిల దగ్గరికెళ్ళి చెప్పిందంతా అవ్వ శ్రద్ధగా విన్నది. మిగతావారెవరూ పుట్టకముందు ఒక పెద్ద తుఫాను వచ్చిందనీ, సముద్రం ఉప్పెనై పల్లాన్ని ముంచేసిందనీ, పెద్ద చెట్లన్నీ వేళ్ళతో సహా కొట్టుకుపోయాయనీ చెప్పింది.

"ఒక్కసారేనా అవ్వా? మట్టిలో చాలా పొరలున్నాయే" అంది కపిల.

"నేను చూసింది ఒక్కటే. మా అమ్మ ఇంకొకటి చూసిందట. అంతకు ముందువి ఆ మట్టికే తెలియాలి తల్లీ."

కపిల పల్లానికి పరుగెత్తింది. అందరినీ పిలిచి, చూసినదీ విన్నదీ చెప్పింది.

"అయితే ఎప్పుడొస్తుందట ఆ ఉప్పెన?" అని అడిగాడు కోరయ్య.

"ఎప్పుడొస్తుందో నాకు తెలియదు మామా. వస్తే ఎక్కడిదాకా వస్తుందో మాత్రం తెలుసు."

కోరయ్య పగలబడి నవ్వాడు. ఎప్పుడొస్తుందో తెలియని దానికి భయపడి కడుపు మాడ్చుకోవడం తెలివితక్కువన్నాడు. దిబ్బ మీద మేతెక్కడిదని దుప్పులు కూడా అడిగాయి. అదీ నిజమే. కపిల ఆలోచించి, పగలు పల్లంలో మేసి, పడకలూ పిల్లలూ దిబ్బ మీద పెట్టుకుందామంది. ముసలివాళ్ళూ పసివాళ్ళూ త్వరగా ఎక్కగలిగేలా ముళ్ళపొదల మధ్య బాట చేద్దామంది. కొందరు ఒప్పుకుని బాట చేశారు. కోరయ్య ఒప్పుకోలేదు. రోజూ ఆ ఎత్తు ఎక్కి దిగడం తన వల్ల కాదన్నాడు.

ఆ ఏడు తుఫాను రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. దిబ్బ మీదివాళ్ళు ఎక్కి దిగి అలిసిపోయారు. కొందరు తిరిగి పల్లానికి చేరారు. కపిలకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. అప్పుడు పొన్న చెట్టెక్కి, గుల్లలను మరోసారి తడిమి చూసుకునేది. గుల్లలు అబద్ధమాడవు కదా అనుకుని దిబ్బ మీదే ఉండిపోయింది.

ఆ తరువాత ఒక కార్తీకంలో సముద్రపు పక్షులు గుంపులు గుంపులుగా మెట్టవైపు వెళ్ళడం మొదలుపెట్టాయి. ఈదురుగాలి లేచింది. కపిల పల్లమంతా తిరిగి అందరినీ దిబ్బ ఎక్కమని బతిమాలింది. చాలామంది బయలుదేరారు. ఇలాంటి గాలులు ఎన్ని చూడలేదన్నాడు కోరయ్య. అతని భార్య చామమ్మ మాత్రం పసిపిల్లలను ముందు నడిపించుకుంటూ బాట పట్టింది. పెద్ద కొడుకు తండ్రి దగ్గరే ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి సముద్రం గోడలా లేచి వచ్చింది. లేత చెట్లు గడ్డిపరకల్లా వాలిపోయాయి. నీళ్ళు ఏటవాలు ఎక్కాయి, పొన్న చెట్టు పంగను దాటాయి. దిబ్బ మీద జంతువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని నిలబడ్డాయి.

"ఇక్కడిదాకా రావు కదూ?" అని అడిగింది చామమ్మ.

"ఇంతవరకూ ఎప్పుడూ రాలేదత్తా" అంది కపిల. దాని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

దిబ్బ అంచున ఉన్న పొదలను తడిపి నీళ్ళు ఆగాయి. పొద్దువాలే వేళకు మెల్లగా వెనక్కి తగ్గాయి.

కొన్నాళ్ళకు కోరయ్య కుంటుకుంటూ వచ్చాడు. అతని కోర ఒకటి విరిగిపోయింది. ఉప్పెన అతన్ని ఎక్కడో ఉప్పు పర్రలో, చవిటి బురదనేలలో పడేసింది. పెద్ద కొడుకు కోసం అతను ఆ పర్రంతా వెతికాడు. ఆ పిల్లవాడు దొరకలేదు. చామమ్మ మొగుణ్ణి చూసి ఏడ్చింది.

కోరయ్య కపిల ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ కాస్త చోటుందా అమ్మా?"

కపిల పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ చలికాలంలో ఏటి అవతలి జంతువులు కూడా కపిలను వెతుక్కుంటూ వచ్చాయి. తామున్న చోటికి నీళ్ళు ఎంతవరకు వస్తాయో చూసి చెప్పమన్నాయి. కపిల వాటి వెంట బయలుదేరింది. ఈసారి కోరయ్య కూడా తోడు వెళ్ళాడు. ఎక్కడ తవ్వాలో కపిల చూపిస్తే, అతను మిగిలిన ఆ ఒక్క కోరతోనే తవ్వాడు.

నీతి: ఆపద ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇదివరకు ఎక్కడిదాకా వచ్చిందో అడిగి తెలుసుకున్నవారే దాన్ని దాటగలరు.