ముత్యాల కుండ, గుమ్మం కాపలా

సముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. తనను ఎదిరించినవాళ్ళను రాజు ఒక దీవికి వెళ్ళగొట్టి, వాళ్ళకు గుప్పెడు గింజలు పంపినా నేరమేనన్నాడు.

ముత్యాలు ఏరే జనం ఊరుకోలేదు. దొంగచాటుగా దీవికి ముత్యాలు పంపేవాళ్ళు. కానీ ముత్యం రంగు చూసి, అది ఎవరు మునిగే చోట దొరికిందో భటులు ఇట్టే చెప్పేసేవాళ్ళు. అందుకని నాంచారమ్మ తన ఇంట్లో పెద్ద కుండ పెట్టింది. ఎవరి ముత్యం వాళ్ళు అందులో వేసి, కలియబెట్టి, చేతికందింది తీసుకుపోవాలి. నాంచారమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. ఎవరొచ్చారని అడగదు కూడా.

కుండ సంగతి ఊరూరా పాకింది. వెనకే అల్లరిమూకలూ వచ్చాయి. గుమ్మం ముందు తోపులాటలు, రాళ్ళు. అప్పుడు కావలి సంఘం మనిషి ఒకడు వచ్చాడు.

"కూలి వద్దమ్మా. ఊళ్ళో సగం గుమ్మాలు కాసేది మేమే. వచ్చినవాళ్ళ గుప్పిట తెరిపించి, రాయి లేదనుకుంటేనే లోపలికి వదులుతాను."

నాంచారమ్మ సంబరంగా ఒప్పుకుంది. రాళ్ళు ఆగిపోయాయి.

ఒక ఉదయం పోలయ్య అనే గజఈతగాడు ముత్యం మార్చుకుని బయటికొచ్చాడు. కావలివాడు నవ్వి, "గులాబీ రంగుది వేసి తెల్లది తెచ్చుకున్నావే!" అన్నాడు.

పోలయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. లోపలికి పరుగెత్తాడు. "నాంచారక్కా! నీకు కనబడనిదంతా వాడికి కనబడుతోంది!"

ఆమె గోడ పట్టుకుంటూ గుమ్మంలో కావలివాడి దగ్గరకు వచ్చింది. "ఏం చూశావు నాయనా?"

"అన్నీ చూశానమ్మా. వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ. నిన్న సేనాని అడిగితే చెప్పాను. చెప్పొద్దని మీరు అనలేదుగా?"

వాడి గొంతులో కపటం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇంతలో వీధి చివర గుర్రాల డెక్కల చప్పుడు. లోపల నలభై మంది ఉన్నారు.

"వెనక గోడ పగలగొట్టండి!" అని అరిచింది నాంచారమ్మ.

రోకళ్ళు, తెడ్లు, భుజాలు, ఏది దొరికితే దానితో కుమ్మారు. గోడ కూలింది, సముద్రపు గాలి ఒక్కసారిగా ముఖాలకు కొట్టింది. ముత్యాలు బుగ్గన పెట్టుకుని కేకలేస్తూ అలల్లోకి దూకారు. నాంచారమ్మనూ కుండనూ పోలయ్య పడవలోకి ఎక్కించాడు.

సేనాని వచ్చేసరికి కావలివాడు నిటారుగా నిలబడే ఉన్నాడు. "లోపలికి వెళ్ళినవాళ్ళు నలభై మంది, దొరా. బయటికి మాత్రం ఒక్కరూ రాలేదు."

అంతకుముందే వాడు చెప్పిన పన్నెండుమందిని ఇళ్ళలోనే పట్టుకున్నారు. వాళ్ళను ఆ దీవికే పంపారు.

రాజ్యం పొలిమేర దాటాక ఒక రేవులో కుండ మళ్ళీ వెలిసింది. అల్లరిమూకలూ మళ్ళీ వచ్చాయి. ఈసారి నాంచారమ్మ ఎవరినీ కాపలా పెట్టలేదు. ముత్యం తీసుకున్నవాళ్ళే కాసేపు ఆగి, వంతులవారీగా గుమ్మం కాస్తున్నారు.

ఒకరోజు కొత్త మనిషి ఒకడు, గుమ్మం కాస్తున్న పోలయ్య పక్కన చేరి మెల్లగా అడిగాడు. "ఇప్పుడు లోపలికి వెళ్ళిందెవరు?"

"ఏమో బాబూ," అన్నాడు పోలయ్య. అతని ముఖం వీధి వైపు ఉంది, వీపు గుమ్మం వైపు ఉంది.