యాభైలో నలభై తొమ్మిది

మునవ్వర్ వైద్యం చదువుతున్నాడు. ఆదోనిలో హకీం సిబ్గతుల్లా దగ్గర పని నేర్చుకోమని యునానీ కాలేజీవాళ్లు పంపి ఏడు నెలలైంది. ఇన్నాళ్లలో ఒక్క రోగికైనా తన చేత్తో మందు ఇవ్వనివ్వలేదు. తోటివాళ్లంతా వేరేచోట్ల అప్పుడే నాడి పట్టి చూస్తున్నారు.

డెబ్బై దాటిన హకీం సాబ్ మార్కులు వేయడు. వేర్లూ గింజలూ యాభై పొట్లాలు ముందు పరిచి పేర్లడుగుతాడు. అంతా విని "ఇంకా కాలేదు" అంటాడు. మళ్లీ మొదటినుంచీ.

ఆ పొద్దున మునవ్వర్ నలభై తొమ్మిదింటికి తడుముకోకుండా పేర్లు చెప్పాడు. ఒక్క వేరు దగ్గర పొరబడ్డాడు.

"ఇంకా కాలేదు," అన్నాడు హకీం సాబ్.

మునవ్వర్ ఉండబట్టలేకపోయాడు. "మా కాలేజీలో దీనికి నూటికి తొంభై ఎనిమిది వేస్తారు ఉస్తాద్! పిలిచి పతకం ఇస్తారు. మీ దగ్గర ఏమీ రానివాడూ నేనూ ఒకటేనా?"

హకీం సాబ్ కోప్పడలేదు. కాస్త దూది, కాచి చల్లార్చిన నీళ్లు ఒక చెంబుడు తీసుకుని, "రా," అన్నాడు.

రెండు సందులవతల రేకుల ఇల్లు. లోపల నులకమంచం మీద ఎనభై దాటిన ముసలాయన. పేరు ఉరుకుందప్ప. ఒకప్పుడు దర్జీ. కళ్లు రెండూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. రెప్పల అంచుల్లో పుసులు కట్టాయి.

హకీం సాబ్ నేల మీద కూర్చుని, దూది తడిపి ఆ రెప్పలు తుడవసాగాడు. తుడుస్తూనే చెప్పాడు:

"అన్నా, మా శిష్యుడు వచ్చాడు. యాభై మందుల్లో నలభై తొమ్మిది సరిగ్గా గుర్తుపట్టాడు."

"మంచిదే సాబూ." ముసలాయన, మునవ్వర్ ఎక్కడున్నాడో తెలియక, గోడవైపు తిరిగి అడిగాడు. "ఆ తప్పినదాన్ని ఎవరి కళ్లలో వేసేవాడివి నాయనా?"

మునవ్వర్ మంచం పక్కనే చతికిలబడ్డాడు.

ఆ అలికిడికి ముసలాయన చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి అతని చెంపను అందుకుంది. గడ్డం ఇంకా సరిగా రాని చెంప. వేళ్లు అక్కడే నిలిచిపోయాయి.

"నా కళ్లలో మందు వేసిననాడు ఈయన కూడా ఇంతవాడే," అన్నాడు.

హకీం సాబ్ తలెత్తలేదు. మాసిన దూది పక్కన పడేసి, ఇంకో ముక్క నీళ్లలో ముంచాడు.