తలుపు దగ్గర కొమరయ్య

కొమరయ్య ఓ పల్లె సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. అక్కడ కొత్తగా డిజిటల్ రిలే బిగించారు. కరెంటు ఇవ్వగానే పొలాల్లో ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచి కరెంటు గుంజేవి. ఆ దెబ్బకు రిలే లైను కట్ చేసేది. వరి ఎండిపోతోంది.

రిలేకు సెట్టింగ్ పెట్టిన చిదంబరరావు గారికి తెలియనిది లేదని అందరికంటే ముందు ఆయనకే తెలుసు. పట్నంలో ఆయన ఇంజనీర్లకు శిక్షణ ఇస్తుంటే, కొమరయ్య అక్కడికే వెళ్లాడు.

"సార్, కట్ చేసే ముందు అది కాస్త ఆగేలా చూడండి."

"లోడు మితిమీరితే వెంటనే కట్ చేయాల్సిందే. రక్షణంటే అదే. నాకు పాఠాలు చెప్పక పోయి తలుపు దగ్గర కూర్చో."

కొమరయ్య కూర్చున్నాడు. భోజనాలయ్యాక నలభై మంది ఇంజనీర్లు బయటి నుంచి ఒక్కసారే తలుపు మీదికొచ్చారు. కొమరయ్య లోపలి నుంచి గడియ పెట్టేశాడు. వెనకాలే వచ్చిన చిదంబరరావు తలుపు బాదాడు.

"ఎందుకు వేశావయ్యా?"

"మితిమీరి వచ్చారు సార్. వెంటనే కట్ చేశాను."

"మొదట్లో కాస్త తోసుకుంటారు, తర్వాత వాళ్లే సర్దుకుంటారు. ఆ మాత్రం ఆగలేవా?"

కొమరయ్య గడియ తీశాడు.

"నేను ఆగగలను సార్. మా ఊళ్లో మీ రిలేను ఆగమనండి."