సంతకు రాని ఊరు

డేటా సైన్స్ అంటే ఏమిటని కదూ అడిగారు? చెబుతా, ఊ కొట్టండి.

అనగనగా ఒక రాజ్యంలో వానలు మొహం చాటేశాయి. చెరువు చూస్తే బీటలు, బావి చూస్తే బురద, బిందె చూస్తే బోర్లా. బావులు తవ్వే మనుషులు చూస్తే కొద్దిమంది. ముందు ఏ ఊళ్ళో తవ్వాలి? రాజుగారి కోడలు పేరిందేవి చురుకైన పిల్ల, అది నేను తేలుస్తానంది. సంతలో ఊరికో కుండ పెట్టించింది. నీళ్ళు చాలనివాళ్ళు తమ ఊరి కుండలో గులకరాయి వెయ్యాలని చాటింపు వేయించింది. పిల్లలు ఆటకి పడేసిన చింతగింజలు ఏరి పారేసింది. రాళ్ళు నిండిన కుండల ఊళ్ళకి మనుషుల్ని పంపింది. గొల్లపాలెం కుండ ఖాళీ. వాళ్ళకేం లోటు లేదు పొమ్మంది.

ఇదిగో, డేటా సైన్స్ అంటే ఇదే. వివరాలు పోగెయ్యాలి, చెత్త ఏరెయ్యాలి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, రేపు ఏం చెయ్యాలో తేల్చాలి. మీ అమ్మ కంప్యూటర్లో చేస్తుంది, పేరిందేవి కుండలతో చేసింది. ఊ కొడుతున్నారా? ఆగకండి, పొరపాటు జరిగింది ఇక్కడే.

కొన్నాళ్ళకి పేరిందేవి పల్లకీలో గొల్లపాలెం మీదుగా పోతూ ఓ ఇంటి ముందు దిగి దాహమడిగింది. ఇల్లాలు చెంబు తెచ్చిచ్చింది. గటగటా తాగేసి, ఇంకాస్త పొయ్యమంది. ఆ ఇల్లాలు కదల్లేదు. తడిగుడ్డ కొస చంటిపిల్ల నోట్లో పెట్టి పిండుతోంది.

"అదే ఆఖరి చెంబమ్మా," అంది మెల్లగా.

"మరి సంతలో రాయి వెయ్యలేదేం?"

"సంతకెవరం వస్తామమ్మా? తెల్లారి ఏటికి పోతే, ఇసకలో చెలమ తీసి నీళ్ళు తోడుకుని వచ్చేసరికి పొద్దుగూకుతుంది."

పేరిందేవి చెంబు కింద పెట్టేసింది. తలెత్తి ఆ తల్లి మొహం చూడలేకపోయింది. రాగలిగినవాళ్ళనే అడిగి, రాలేనివాళ్ళు సుఖంగా ఉన్నారనుకుంది కదా.

కోటకెళ్ళి నిండు సభలో తప్పొప్పుకుంది. అత్తగారు ఊరుకుంటుందా? "నీ తెలివి సంత దాటి పోలేదన్నమాట, తల్లీ," అంది. పేరిందేవి పల్లకీ వద్దని, ఇల్లిల్లూ నడిచి తిరిగింది. ఎవరి బిందెలో ఏముందో, ఏటికెవరు పోతున్నారో కళ్ళారా చూసి, ముందు గొల్లపాలెంలో తవ్వించింది. నీళ్ళు పడ్డాయి. మొదటి చేద ఆమెకే ఇవ్వబోయారు. అందుకోవడానికి చెయ్యి రాలేదు. చంటిపిల్ల తల్లిని చూపించి పక్కకి తప్పుకుంది.

ఊరంతా చల్లబడింది. లెక్క తేలిందని మురిసిపోయే ముందు, ఎవర్ని అడగలేదో చూసుకోవాలి నాన్నా. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.