హైమవతిగారి ఎడమ కాలు

హైమవతిగారు కారు దిగి తాళం సువార్త చేతిలో పెట్టారు. "చక్కగా చేశావమ్మా. కొనేవాళ్లెవరైనా ఉంటే చూడు" అన్నారు.



టాపు లేని రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు అది. హైమవతిగారు లెక్చరర్‌గా చేరిన కొత్తలో మోజుపడి కొనుక్కున్నది. ఇంజను చచ్చి తొమ్మిదేళ్లయింది, స్పేర్లు దొరకవు. దాన్ని తీసేసి కరెంటు మోటారు పెడదామన్నది సువార్తే. ఆటోనగర్‌లోని మస్తాన్ వలీ మెకానిక్ షెడ్డులో పదేళ్లుగా పని నేర్చుకుంటున్న ఆమెకు ఉస్తాద్ పూర్తిగా వదిలేసిన మొదటి బండి ఇదే. ఏడు నెలలు దాని కిందే పడుకుంది.

హైమవతిగారు అలా వెళ్లారో లేదో, సువార్త ఉస్తాద్ మీద విరుచుకుపడింది.

"ఏం తక్కువైంది ఉస్తాద్? పికప్పు రెట్టింపయింది. ఒక్క చార్జికి నూట అరవై కిలోమీటర్లు. మోటారుకి గేర్లెందుకని గేర్‌బాక్సు కూడా పీకి తుక్కుకి వేశా. గేరు లేదు, క్లచ్చు లేదు. చంటిపిల్లాడు కూడా నడుపుతాడు!"

"నడుపుతాడు" అన్నాడు మస్తాన్ వలీ, పల్లీలు ఒలుచుకుంటూ.

పొగిడాడో తిట్టాడో తేల్చుకోవడం ఆ మనిషి దగ్గర మహా కష్టం.

మర్నాడు ఆయనే హైమవతిగారికి ఫోన్ చేశాడు. "బేరం పెట్టే ముందు ఒక్క రౌండు నడిపి చూడండమ్మా." ఆవిడ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్క సీట్లో సువార్తను కూర్చోబెట్టి, భుజం మీది తువ్వాలు తీసి మీటర్ల మీద కప్పేశాడు మస్తాన్ వలీ.

"అటు చూడకు. అమ్మగారి ఎడమ కాలు చూడు."

కారు కదిలింది. వాటర్ ట్యాంకు మలుపు వచ్చింది. హైమవతిగారి ఎడమ పాదం లేచి, ఏమీ లేని చోట నేలను నొక్కింది. ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి కిందికి వచ్చింది. గాలిని పట్టుకుని, వెనక్కి వెళ్లిపోయింది. తర్వాతి మలుపులోనూ అంతే. ఆవిడ మొహం బస్సులో కూర్చున్న మనిషి మొహంలా ఉంది.

సువార్త కారు దిగింది. స్కూటీ తీసి సరాసరి తుక్కు కొట్టుకి పోయింది. కొట్టతను ఆ గేర్‌బాక్సు మీదే కూర్చుని టీ తాగుతున్నాడు.

"లే బాబాయ్, లే! లేస్తావా, లేపమంటావా?"

మూడు వారాలు పట్టింది. గేర్‌బాక్సును కొత్త మోటారుకి తగిలించి, క్లచ్చు పెడలు పాత చోటే బిగించింది.

హైమవతిగారు ఈసారి మొహమాటానికే వచ్చారు. కూర్చుని కాలు చాపారు. పెడలు తగిలింది. ఒకసారి నొక్కారు. ఆగి, మళ్లీ నొక్కారు. సువార్త వైపు చూసి మొదటి గేరు వేశారు.

ఇంక ఆగితే ఒట్టు! మొదటి రౌండు నెమ్మదిగానే వెళ్లారు. రెండో రౌండులో సైడివ్వని లారీవాణ్ని కేకలేశారు. మూడో రౌండుకి జుట్టు ముడి ఊడిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి, పగలబడి నవ్వుతూ గేరు మార్చుకుంటూ పోతుంటే ఆటోనగర్ మేస్త్రీలంతా పానాలు పక్కన పడేసి ఈలలు వేశారు. సువార్త చప్పట్లు కొడుతూనే కళ్లు తుడుచుకుంది. ఏడు నెలల్లో ఇంత సంతోషం ఆమెకు ఒక్కనాడూ కలగలేదు.

కానీ పదేళ్ల అలవాటు ఊరుకుంటుందా!

"ఉస్తాద్, ఈ గేర్‌బాక్సు బరువుకి చార్జికి పదిహేను కిలోమీటర్లు తగ్గిపోయాయి."

నాలుగో రౌండులో కారు షెడ్డు ముందుకొచ్చి, ఆగకుండా దూసుకుపోయింది.

మస్తాన్ వలీ అటే చూస్తూ అన్నాడు: "అమ్మగారు ఎక్కడికి వెళ్లాలని చెప్పారు నీకు?"