తడిసిన ఇప్పపువ్వు

అనగా అనగా, బిడ్డలారా, వెదురు పొదలు వాగు పొడవునా వంగి నీటిని ముట్టుకునే ఒక అడవి ఉండేది. ఆ అడవిలోని మృగాలు, పక్షులు మనలాగే మాట్లాడేవి. మనలాగే పేర్లు పెట్టుకునేవి. మనకన్న కొంచెం శ్రద్ధగానే ప్రార్థన చేసుకునేవి.

వాటికొక చక్కని ఆచారం ఉండేది. పొద్దున్నే ఏది దొరికినా మొదటి ముద్ద తాము తినేవి కావు. "తండ్రీ, ఇది నీవిచ్చినదే" అని దానిని నోట కరచుకొని తెల్లబండ దగ్గరికి తెచ్చేవి. ఆ బండ పక్కన రాతిలో ఒక లోతైన గుంట, దానికొక పలకరాయి మూత. ముద్దలన్నీ అందులో చేరేవి. ఆదివారం ఉదయం ప్రార్థన ముగియగానే మూత తీసి, నడవలేనివారికీ వెతుక్కోలేనివారికీ పంచేవారు. దానికి తొలిముద్ద అని పేరు.

తొలిముద్దకు కావలివాడు దీవెనయ్య. అతడొక ముళ్ళపంది. పనిమంతుడు, మనసు మంచిది. రోజూ మధ్యాహ్నం మూత తీసి, లోపలి పువ్వునూ పండునూ ఎండలో పరచి, తిరగేసి, మళ్ళీ గుంటకెత్తడం అతని పని. ఒళ్ళు వంచితే అరగడియ పని.

అయితే దీవెనయ్యకు ఒక గుణం ఉండేది. అతని ప్రార్థన బహు దీర్ఘం. మొదట దేవునితోనే మాట్లాడేవాడు. ఎవరైనా వింటున్నారని తెలిస్తే గొంతు పెరిగేది. మరొకరు వచ్చి కూర్చుంటే మాటలకు అలంకారాలు తోడయ్యేవి. "అడవులను అలంకరించినవాడా, వాగులకు వంపులు దిద్దినవాడా" అని మొదలుపెడితే, పక్కనున్న కొండముచ్చు జోజప్ప చెవి గోక్కొంటూ, "మామ ఆమెన్ అనేలోగా ఈ పిందె పండైపోతుంది, చూస్తూ ఉండండి" అనేవాడు.

ఆ ఏడు ఎండలు మెండుగా కాశాయి. గడ్డి మాడిపోయింది. ఇప్పపూలు రాలడం కూడా చివరికొచ్చింది. అటువంటి రోజుల్లో, ఒక బుధవారం మధ్యాహ్నం, ఎవరూ తలచని వాన ఒకటి దబదబ కురిసి పోయింది. వాన వెలిసిన వెంటనే మూత తీసి చూడాలి. దీవెనయ్యకూ ఆ సంగతి తెలుసు. కానీ వాన పడిందన్న సంబరంతో పది మంది తెల్లబండ కింద చేరారు. దీవెనయ్య స్తుతి మొదలుపెట్టాడు. అందరూ తలలూపుతున్నారు. ఆపబుద్ధి కాలేదు. గురువారం కూడా అలాగే గడిచింది; ఆ పొద్దున వచ్చిన ముద్దలను మూత ఓరగా జరిపి లోపల వేశాడే తప్ప చూడలేదు.

శుక్రవారం తెల్లవారగానే అతడు మూత తీశాడు. లోపలినుంచి పుల్లని వాసన గుప్పున వచ్చి ముఖాన కొట్టింది. పలకరాయి సందులోనుంచి నీరు దిగింది. ఇప్పపువ్వంతా ముద్దకట్టింది. దాని మీద బూడిదరంగు బూజు మెత్తగా పరచుకొంది.

దీవెనయ్య ముళ్ళు వాటంతటవే లేచాయి. గలగలమన్నాయి.

బూజు పట్టిన పువ్వు విషమని ఆ అడవిలో అందరికీ తెలుసు. కిందటేడు అది తిని ఒక కుందేలు మూడు రోజులు లేవలేదు. ఈ ఆదివారం వరుసలో మొదట నిలిచేది రాహేలు. రాహేలు ఒక దుప్పి. రాళ్ళలో జారి ముందుకాలు విరిగింది. ఇంకా పాలు విడవని కూన ఒకటి ఉంది. ఆమె తింటేనే దానికి పాలు.

"చెప్పాలి," అనుకున్నాడు దీవెనయ్య. ఆ వెంటనే, "చెబితే?" అనుకున్నాడు. "ఇంత ప్రార్థనాపరుడు గుంట చూసుకోలేకపోయాడా అనరూ? జోజప్ప నోరు ఊరుకుంటుందా? కావలి నాకిక దక్కుతుందా?"

అంతలో కర్ర ఊతగా నడిచే ముసలిదానిలా నెమ్మదిగా అడుగులేస్తూ ఒక తాబేలు వచ్చింది. ఆమె పేరు నిరీక్షణమ్మ. అడవికంతటికీ పెద్ద. అందరూ అవ్వా అంటారు.

"దీవెనయ్యా! మొన్నటి వానకు పువ్వు తడవలేదు కదా?" అని అడిగింది.

దీవెనయ్య చటుక్కున మూత వేసి దాని మీద కూర్చున్నాడు. "దేవుని కృపవలన అంతా క్షేమమే, అవ్వా!" అన్నాడు.

అబద్ధం ఆడినవారు చాలామంది ఉన్నారు, బిడ్డలారా. దేవుని పేరు దాని మీద మూతగా పెట్టినవారికి మాత్రం నిద్ర పట్టదు.

అవ్వ వెళ్ళగానే అతడు కళ్ళు మూసుకొన్నాడు. "తండ్రీ! మూడు పొద్దులు ఉపవాసముంటాను. పచ్చినీళ్ళు తప్ప ముట్టను. నీవీ బూజును పోగొట్టు," అని బేరం పెట్టాడు. కళ్ళు తెరిచి, మూత ఎత్తి చూస్తే బూజు ఉన్నచోటే ఉంది. ఆ రోజు వచ్చిన కొత్త పువ్వును అందరి కళ్ళూ తప్పించి పైన పలచగా పరిచాడు. ఇప్పుడు చూస్తే గుంట బంగారు రంగులో మెరిసింది.

శనివారానికి దీవెనయ్య ఉపవాసం సంగతి అడవంతా పాకింది. ఆ పొద్దున జోజప్ప ఒక తునికిపండు తెచ్చాడు. మూత దగ్గర ఆగి ముక్కు ఎగరేశాడు.

"ఏం మామా, ఏదో పులిసిన వాసన?"

"అది... నా ముళ్ళ వాసన."

"ముళ్ళకు వాసనేమిటి మామా? ఉపవాసం ముదిరిందా? నిన్న నేను కొమ్మ మీదినుంచి దూకిన చప్పుడుకు కూడా బెదిరిపోయావు! ఎందుకలా ఒళ్ళంతా గలగలలాడుతుంది?"

"ఉపవాసదీక్షలో ఉన్నవాణ్ణి వేళాకోళం చేయకు," అన్నాడు దీవెనయ్య గంభీరంగా.

జోజప్ప నిజంగానే తగ్గాడు. "తప్పైపోయింది మామా," అని చెట్టెక్కి, పైనున్నవారితో, "మనమంతా మెక్కుతున్నాం, ఆయన మనకోసం పస్తులుంటున్నాడు. ఎంత భక్తి!" అన్నాడు. ఆ పొగడ్త దీవెనయ్యకు చెంపపెట్టులా తగిలింది. ఎగతాళి చేసి ఉంటే నయమనిపించింది.

సాయంకాలం ఎండ వాలుతుండగా రాహేలే కుంటుకుంటూ వచ్చింది. కూన వెనకే వచ్చింది.

"బాబాయి గారూ, రేపు రావడానికి నాకు చాలా సేపు పడుతుంది. అందుకే ఇవాళే వచ్చేశాను. ఈ పొద కింద పడుకుంటాను," అన్నది. "ఈ వారం పాలు తగ్గాయి. రేపటి పువ్వు మీదే ఆశ."

నిజం నోటిదాకా వచ్చింది దీవెనయ్యకు. "అమ్మా రాహేలూ..." అన్నాడు.

"చెప్పండి."

"...నీకోసం ప్రార్థన చేస్తున్నాను తల్లీ."

"మీ ప్రార్థనే మాకు బలం బాబాయి," అన్నది రాహేలు. ఆమె కళ్ళల్లో అనుమానం లేశమైనా లేదు. అదే అతడు భరించలేకపోయాడు.

ఆదివారం వచ్చింది. తెల్లబండ కింద అందరూ కూడారు. చూపు పోయిన ముసలి ఎలుగుబంటి వచ్చింది. గుడ్లు పొదుగుతున్న నెమలికోసం ఆమె చెల్లెలు వచ్చింది. పాట పాడారు. ప్రార్థన ముగిసింది. ఆ రోజు ప్రార్థన అవ్వే చేసింది. దీవెనయ్య ముందుకు రాలేదు.

"వడ్డించు నాయనా," అన్నది అవ్వ.

రాహేలు ముందు మోదుగాకు పరిచారు. దీవెనయ్య పైపొరనుంచి మంచి పువ్వు తీసి పెట్టాడు. రెండు గుప్పిళ్ళతో పైపొర అయిపోవచ్చింది. "ఇంతటితో తప్పించుకోవచ్చునా?" అని అతని మనసు గుంజాటన పడుతోంది.

రాహేలు తలెత్తింది. "బాబాయి, పచ్చిపువ్వు కూనకు పడదు. అడుగున ఎండిన పువ్వు ఉంటుంది కదా, అది పెట్టండి. దానితో పాలు బాగా పడతాయి."

దీవెనయ్య చేయి లోపలికి పోయింది. చల్లగా, జిగటగా తగిలింది. చేయి దానంతటదే పువ్వు తీసింది, దానంతటదే ఆకు మీద పెట్టింది. మూడు రోజులుగా దాచి దాచి చేతికి అదే అలవాటైపోయింది. ఎండ సూటిగా పడని చోటు కావడంతో రంగు ఎవరికీ తెలియలేదు; పైనున్న తాజా పువ్వు ఘాటులో వాసనా కలిసిపోయింది.

రాహేలు కళ్ళు మూసుకొని, "తండ్రీ, నీకు వందనం," అన్నది. మూతి ఆకు దగ్గరికి వంచింది. కూన తల్లి పొదుగు వెతుక్కొంటోంది.

"తినకమ్మా!"

అడవి అదిరేటట్టు అరిచాడు దీవెనయ్య. ముందుకు దూకి ఆకును ఒక్క తోపు తోశాడు. పువ్వు దుమ్ములో పడింది. అతడూ దానిలోనే పడ్డాడు.

"తినకు తల్లీ! అది బూజుపట్టిన పువ్వు. బుధవారం తడిసింది. నేను చూడలేదు. ప్రార్థన చేస్తున్నానని చూడలేదు. ప్రార్థన కూడా కాదది, అందరూ వింటున్నారని మాట్లాడుతున్నాను. శుక్రవారం చూశాను. చూసీ దాచాను. అవ్వ అడిగితే దేవుని పేరు పెట్టి అబద్ధమాడాను. ఉపవాసం మీకోసం కాదు, నా పరువుకోసం. నీ బిడ్డను చంపేవాణ్ణి, రాహేలూ!"

ఎలుగుబంటి గాలిని వాసన చూసి, "అవును, బూజే," అని మాత్రం అన్నది.

దీవెనయ్య తల ఎత్తలేదు. జోజప్ప మాటకోసం ఎదురుచూశాడు. అడవినుంచి పొమ్మనే తీర్పుకోసం ఎదురుచూశాడు. ఆశ్చర్యమేమంటే, బిడ్డలారా, ఏ తీర్పూ రాకముందే అతని గుండెలో మూడు రోజులుగా కూర్చున్న పలకరాయి పక్కకు జరిగింది. ఊపిరి లోపలిదాకా పోయింది.

అవ్వ మెల్లగా నడిచి వచ్చి అతని ముందు ఆగింది.

"శుక్రవారమే చెప్పి ఉంటే, ఈపాటికి గుంట మళ్ళీ నిండేది కదరా!"

"అవునవ్వా."

"తడవడం వాన తప్పు. చూడకపోవడం నీ అజాగ్రత్త. ఈ రెండింటికీ మందు ఉంది. దాచావు చూడు, అదొక్కటే ఈ పిల్లదాని ప్రాణం మీదికి తెచ్చింది."

"నేను వెళ్ళిపోతానవ్వా. ఇంకెవరినైనా కావలి పెట్టండి."

"వెళ్ళి ఏం చేస్తావు? అక్కడ కూచుని ఇంకో పొడవాటి ప్రార్థన చేస్తావా?" అన్నది అవ్వ. ఎక్కడో ఒక పిట్ట కిసుక్కుమన్నది. "లే. గుంటలోది తీసి గొయ్యిలో పూడ్చు. గుంట కడుగు. ఎండబెట్టు. రేపటినుంచి కూడా నువ్వే చూసుకోవాలి."

"నేనా?"

"బూజు ఎలా పడుతుందో ఈ అడవిలో నీకన్న బాగా ఎవరికి తెలుసు?"

దీవెనయ్య నమ్మలేక అందరి ముఖాలూ చూశాడు. అప్పుడు పైనుంచి ధబ్బున దూకాడు జోజప్ప.

"మామా, నిన్ను ఏడిపించడానికి ఏడాదికి సరిపడా మాటలు దొరికాయి. అవి తర్వాత. ముందు ఈ పిల్లదానికి తిండి చూడాలి," అని కొమ్మల మీదుగా ఉరికాడు. అతని వెనక ఉడతలు, అడవికోళ్ళు, కుందేళ్ళు నాలుగు దిక్కులా పరుగెత్తాయి. పొద్దున తొలిముద్ద తెచ్చినవారే మలిముద్ద కూడా తెచ్చారు. తునికిపళ్ళు వచ్చాయి. మొర్రిపళ్ళు వచ్చాయి. వాగు అవతలి గట్టున ఇప్పచెట్టు కింద ఎండి రాలిన పువ్వు దొన్నెడు దొరికింది. ముసలి ఎలుగుబంటి తన వాటా అడగకుండా, "ముందు ఆ తల్లికి," అన్నది.

దీవెనయ్య ఆ సేపంతా గుంట కడుగుతూనే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని మూలమూలలా తోమాడు. మధ్యాహ్నానికి రాయి తెల్లగా తేలింది.

రాహేలు ముందు కొత్త ఆకు నిండింది. ఆమె తిన్నది. కూన పొదుగు పట్టింది. కాసేపటికి దాని మూతి చుట్టూ పాల నురగ కనిపించింది. చూసినవారందరూ ఒక్కసారే నిట్టూర్చి, నవ్వుకొన్నారు.

దీవెనయ్య దూరంగా నిలబడి చూస్తున్నాడు.

"బాబాయి, ఇలా రండి," అని పిలిచింది రాహేలు. తన ఆకులో మిగిలిన పువ్వును మూతితో అతని వైపు జరిపింది. "తినండి. మూడు రోజులైంది కదా."

అతడు వెనక్కి తగ్గాడు. "నీ ఆకులోదా? నాకా? వద్దమ్మా. నాకా అర్హత లేదు."

"నాకు మాత్రం ఏ అర్హత ఉందని పెడుతున్నారు? వేసవి మొదటినుంచి నేను ఒక్క ముద్దైనా తెచ్చి వేయలేదు. కాలు విరిగిందని పెట్టారు. అంతే కదా?"

దీవెనయ్య ఆకులోని పువ్వు వైపే చూశాడు.

"ఆకలిగా ఉందా లేదా, అది చెప్పండి."

అతడు ఇక దాచలేదు. "ఉంది తల్లీ. చాలా ఉంది."

"అయితే కూర్చోండి," అన్నది రాహేలు. కూనను కాస్త పక్కకు జరిపి అతనికి చోటిచ్చింది.

నీతి: తప్పును దాచిన భక్తి తోటివారికి విషమవుతుంది, ఒప్పుకొన్న తప్పుకు దేవుని కృప అర్హత అడగకుండానే విస్తరి వేస్తుంది.