వణికే చేతి క్షవరం

రాజుగారి బట్టతల ఎంత మెరిసేదంటే, కోటలో దీపాలే పెట్టేవాళ్లు కారు. ఆ తలకోసం ఆస్థాన వైద్యుడు అనంతభట్టు ఓ లేహ్యం వండాడు. ముందు ఎవరి మీదైనా చూడాలిగా? కోట మంగలి పోలయ్యదీ బట్టతలే. బలవంతాన వాడి నోట్లో కుక్కించాడు, పాపిష్టివాడు!

నెల తిరక్కుండా పోలయ్య జుట్టు మోకాళ్లు దాటింది. చేతులు మాత్రం గాలివానలో తాటాకుల్లా వణికిపోయాయి. కత్తి పట్టే చేతులు వణికితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?

పోలయ్య మండిపడుతూ సభకొచ్చాడు. రాజుగారు అప్పటికే లేహ్యం గిన్నె చేతబట్టుకున్నారు.

"అంత జుట్టొచ్చింది కదరా! ఆ కాస్త వణుకు ఓ లెక్కా?" అని కసిరాడు భట్టు.

"లెక్క కాదా, అయ్యగారూ? అయితే కూర్చోండి, తమకు గడ్డం మాసింది." పోలయ్య కత్తి తీశాడు. అది భట్టు మెడ దగ్గర తూనీగలా ఆడింది.

"వద్దురా, గొంతు తెగుతుంది!" భట్టు కేక ఏడూళ్లకు వినిపించింది.

రాజుగారు గిన్నె కింద పెట్టేశారు. "భట్టూ, వీడి చేతులు కుదుటపడేదాకా రోజూ నీకు వీడే క్షవరం చేస్తాడు."

పొద్దుగూకేలోపు విరుగుడు తయారైంది. అంతవరకూ అది భట్టుకు తెలియక కాదమ్మా, తన గొంతు మీదికి రాక!